పూర్వ విద్యార్థుల లేఖాపత్రిక: గోదావరి గట్టున కొన్ని పాత పాఠాలు

ఒక కళాశాలలోనో, ఒక వసతిగృహంలోనో నాలుగేళ్ళు కలిసి బ్రతికినవారు ఆ తరువాత నాలుగు దిక్కులకూ చెదిరిపోతారు. వారిని మళ్ళీ ఒకచోట చేర్చడానికి పూర్వ విద్యార్థుల సంఘాలున్నాయి, ఏటేటా సమావేశాలున్నాయి. ఆ ఒక్కరోజూ శాలువాలు, సన్మానాలు, పులిహోర, ఫోటోలు అన్నీ సక్రమంగానే జరుగుతాయి. మిగిలిన మూడువందల అరవైనాలుగు రోజులూ ఆ సంఘం ఎక్కడ ఉన్నట్టు? నాకు తోచిన సమాధానం ఒక్కటే. సంఘం తన పత్రికలో ఉంటుంది. పత్రిక లేకపోతే సంఘం కోశాధికారి బీరువాలో ఉన్న రిజిస్టరు మాత్రమే.

ఇక్కడ నేను పత్రిక అంటున్నది అంగడిలో అమ్మే పత్రికను కాదు. నాలుగు పుటలో, ఎనిమిది పుటలో అచ్చువేసి సభ్యులకు మాత్రమే పంపుకునే న్యూస్‌లెటర్ గురించి. దీనిని కొందరు వార్తాలేఖ అంటారు, కొందరు సమాచార పత్రం అంటారు. సగం ఉత్తరం, సగం పత్రిక కాబట్టి నేను లేఖాపత్రిక అంటాను. రాజమహేంద్రవరంలో ఒకప్పుడు ఒకే వసతిగృహంలో చదువుకున్న మేము కొందరం కలిసి అటువంటిదొకటి నడుపుతున్నాము. ఆ పని మీద పాత పత్రికల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, మనం ఇవాళ పడుతున్న తిప్పలన్నీ ఈ గోదావరి గట్టునే నూట యాభై ఏళ్ళ క్రితం మరికొందరు పడ్డారని తెలిసింది. ఆ పాఠాలను నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

ముందు ఈ ప్రక్రియ పుట్టిన చోటును ఒకసారి తలుచుకోవాలి. అమెరికా కళాశాలలలో విద్యార్థి సోదర సంఘాలు అనేవి ఉన్నాయి. గ్రీకు అక్షరాలే వాటి పేర్లు. ఒక్కొక్క కళాశాలలో ఒక్కొక్క శాఖ. చదువు పూర్తయినా సభ్యత్వం పోదు, చచ్చేదాకా సోదరుడే. వాటిలో ఒకటైన బీటా థీటా పై 1839లో ఒహాయో రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. శాఖలు పెరిగి, పాత సభ్యులు దేశమంతటా చెదిరిన తరువాత 1872లో ఆ సంఘం తన పేరుతోనే ఒక పత్రిక ప్రారంభించింది. సోదర సంఘాల పత్రికలలో ఎడతెగకుండా నడుస్తున్నవాటిలో అదే అతి పాతదని చెబుతారు. యేల్ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థుల వారపత్రిక 1891లో మొదలైంది. ఈ పత్రికలన్నింటికీ ప్రాణమైన భాగం ఒకటుంది. ఏ సంవత్సరం బ్యాచిలో ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరు పోయారు అన్న చిన్న చిన్న వార్తల పట్టిక. ప్రతి బ్యాచికీ ఒక కార్యదర్శి ఉండి ఈ కబుర్లు పోగుచేసి పంపుతాడు. సంపాదకీయం చదవనివాడు కూడా ముందు ఆ పుట తిప్పుతాడు.

1872 అన్న సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. సరిగ్గా రెండేళ్ళకు, 1874 అక్టోబరులో, ఇక్కడ ధవళేశ్వరం బడిలో పంతులుగా ఉన్న ఇరవైఆరేళ్ళ యువకుడొకడు వివేకవర్ధని అనే మాసపత్రిక ప్రారంభించాడు. ఆయన కందుకూరి వీరేశలింగం.

*

వివేకవర్ధని పూర్వ విద్యార్థుల పత్రిక కాదు. అది సంస్కరణ పత్రిక, సాహిత్య పత్రిక. అయితే చెదురుమదురుగా ఉన్న కొద్దిమందిని ఒక బృందంగా కూర్చిన పత్రిక ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఈ ప్రాంతంలో దానికి మించిన ఉదాహరణ లేదు.

ఆనాటి డెల్టాను ఒకసారి ఊహించుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఇరవై ఏళ్ళు దాటింది. కాలువలు వచ్చాయి. రాకపోకలకు కాలువ పడవలే దిక్కు. రాజమహేంద్రవరానికి రైలు రావడానికి ఇంకా దాదాపు ఇరవై ఏళ్ళుంది. గోదావరి మీద మొదటి రైలు వంతెన 1900లో గాని తెరుచుకోలేదు. కాణీ కార్డు, అంటే పావు అణా పోస్టుకార్డు, 1879 జులైలో వచ్చింది. అటువంటి రోజులలో వితంతు వివాహం న్యాయమే అని నమ్మేవాడు అమలాపురంలో ఒకడు, నరసాపురంలో ఒకడు, కాకినాడలో ఒకడు ఉన్నారనుకోండి. ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. తన ఊళ్ళో తానొక్కడే వెర్రివాడు. పత్రిక చేతికి అందిన రోజున అతడు ఒంటరివాడు కాడు. ఇంకెక్కడో తనవంటివారు ఉన్నారు, ఈ సంచికనే చదువుతున్నారు. పత్రిక చేసే మొదటి పని ఇదే. వార్త చేరవేయడం రెండవ పని.

మొదట్లో వివేకవర్ధని మద్రాసులో అచ్చయ్యేది. వ్రాసేది ధవళేశ్వరంలో, అచ్చు మద్రాసులో, చదివేది గోదావరి మండలంలో. ఎంత ఆలస్యమో, ఎంత అవస్థో చెప్పనక్కరలేదు. కొద్దికాలంలోనే వీరేశలింగం రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాల ఏర్పాటు చేసుకున్నారు. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గాని, పత్రిక నడిపినవారికి దాని విలువ తెలుస్తుంది. పంపవలసిన రోజున పంపగలగడం అనే శక్తి సంపాదకుని చేతిలో లేకపోతే తక్కినవన్నీ ఉండీ లేనట్టే.

రెండవ సంగతి భాష. అదే కాలంలో కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు మద్రాసు నుంచి ఆంధ్రభాషా సంజీవని నడిపేవారు. అది 1871లో మొదలైంది. ఆయన పాండిత్యం గొప్పది, ఆయన గ్రాంథికమూ అంతే ప్రౌఢమైనది. వీరేశలింగం కూడా ప్రౌఢ గ్రాంథికం వ్రాయగలవారే. వచనంలో విగ్రహతంత్రం వ్రాసినప్పుడు ఆ శక్తి చూపించారు. పత్రిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన మెల్లమెల్లగా తేలిక వచనానికి దిగివచ్చారు. చదివేవాడు అర్థం చేసుకోవాలి, చదవలేనివారికి చదివి వినిపిస్తే వారికీ బోధపడాలి. రాజశేఖర చరిత్రము ఈ పత్రికలోనే 1878లో ధారావాహికగా వచ్చి, 1880లో పుస్తకమైంది. తెలుగు నవలా వచనానికి దారి వేసినది ఒక విధంగా పత్రిక తేదీల ఒత్తిడే. నెల తిరిగేసరికి పుటలు నింపాలి, చందాదారు మళ్ళీ తెరవాలి.

మూడవది, ఊరి సంగతి ఊరివారికి చెప్పడం. వివేకవర్ధని గాలిలో ధర్మోపన్యాసాలు చేయలేదు. కచేరీలలో లంచాలు, న్యాయవాదుల అక్రమాలు, బాల్యవివాహాలు, వేశ్యల ఆటపాటలు, ఇవన్నీ రాజమహేంద్రవరంలో జరుగుతున్న తీరులోనే చూపించింది. వ్యవహార ధర్మబోధిని, బ్రహ్మవివాహము వంటి ప్రహసనాలు అందులో వచ్చాయి. చదువుతున్నవాడికి ఇది ఎవరి కథో తెలుసు. ఈ తెలియడంలోనే పత్రిక బలమంతా ఉంది.

ఆ పాఠక బృందమే 1878లో ప్రార్థన సమాజమైంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. పెళ్ళికి వెళ్ళినవారికి వెలి. వంటవారు దొరకలేదు. అటువంటి వేళ వీరేశలింగం వెనుక నిలబడినవారిలో ఆయన శిష్యులైన విద్యార్థులు చాలామంది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. ఏడేళ్ళు పత్రిక నడిచిన తరువాత జరిగిన పెళ్ళి అది. పత్రిక లేకుండా అదే పెళ్ళి తలపెట్టి ఉంటే ఆ నలుగురైనా పోగయ్యేవారా అని నాకు సందేహం.

ఇంకొక సంగతి. 1883లో ఆయన స్త్రీల కోసం సతీహితబోధిని అని వేరే పత్రిక పెట్టారు. ఒకే పత్రికలో ఒక మూల స్త్రీలకొక పుట కేటాయించి చేతులు దులుపుకోలేదు. చదివేది ఎవరో ముందు తేల్చుకుని, ఆ తరువాత ఏమి వ్రాయాలో నిర్ణయించుకునే పద్ధతి అది.

*

ఇక పూర్వ విద్యార్థుల మాటకు దగ్గరగా వద్దాం. అందుకు కాకినాడ వెళ్ళాలి.

పిఠాపురం రాజావారి కళాశాలకు రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఈ శతాబ్దికి ముందటి శతాబ్దపు తొలి ఏళ్ళలో ప్రధానాచార్యులుగా వచ్చి, 1919 దాకా ఉన్నారు. తెల్లని దుస్తులు, బ్రహ్మసమాజ నిష్ఠ, వేశ్యానృత్యాలను బహిష్కరించాలనే పట్టుదల, అనాథశరణాలయం. ఆయన ప్రభావానికి లోనైన విద్యార్థులలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఉన్నారు, గుడిపాటి వెంకటచలం ఉన్నారు. చలం వంటివారు తరువాత తమ దారి తాము చూసుకున్నా కాకినాడ నాటి ముద్రను కాదనలేదు. ఆయన శిష్యులు బడిపంతుళ్ళుగా, వకీళ్ళుగా, గుమాస్తాలుగా జిల్లాలన్నింటా వ్యాపించారు. సోదర సంఘం అన్న మాటకు మన దేశంలో అంతకంటె సరిపోయే సమూహం ఉంటుందా? వారికి గ్రీకు అక్షరాలు లేవు. రహస్య సంకేతాలు లేవు. ఒక గురువు ఉన్నాడు, కొన్ని నియమాలున్నాయి.

నాయుడుగారు నడిపిన పత్రికలలో ఒకదాని పేరు ఫెలో వర్కర్. తోటి పనివాడు అని అర్థం. ఈ పేరు నాకెంతో నచ్చుతుంది. మన పూర్వ విద్యార్థుల పత్రికలకు మనం సాధారణంగా పెట్టే పేర్లు చూడండి: జ్యోతి, కిరణం, సౌరభం, వెలుగు. అన్నీ పైనుంచి కిందికి ప్రసరించేవే. తోటి పనివాడు మన పక్కన నిలబడతాడు. పేరులోనే ఒక వరుస కలుపుతాడు. లేఖాపత్రిక పెట్టదలచుకున్నవారు ముందు తేల్చుకోవలసినది ఇదే. ఇది పైనుంచి వచ్చే ప్రకటనా, పక్కనుంచి వచ్చే ఉత్తరమా?

*

ఇప్పుడు చెప్పబోయేది ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పిన విషయం.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యాసాలిచ్చారు. వంగదేశంలో రగిలిన స్వదేశీ నిప్పు గోదావరికి తాకింది. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. ప్రధానాచార్యుడు మార్క్ హంటర్ వద్దన్నాడు. విద్యార్థులు వినలేదు. ట్రెయినింగు కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటికి పంపేశారు, ప్రభుత్వోద్యోగానికి అనర్హుడన్నారు. వందకు పైగా విద్యార్థుల మీద చర్య తీసుకున్నారు.

హరిసర్వోత్తమరావు కథ మనకు తెలుసు. ఆయన విజయవాడ వెళ్ళి స్వరాజ్య పత్రిక నడిపారు, 1908లో రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్ళారు, ఆంధ్ర తిలకుడని పేరు పొందారు. ఆయన పేరు పాఠ్యపుస్తకాలలో ఉంది. తక్కిన ఆ వందమంది ఎవరు? ఏ ఊరివారు? చదువు ఆగిపోయి ఇంటికి తిరిగి వెళ్ళిన కోనసీమ కుర్రవాడు ఆ తరువాత ఏమయ్యాడు? కాలువ పక్క పొలం చేసుకున్నాడా, ఇంకొక ఊళ్ళో ఇంకొక పేరుతో చేరి చదువు పూర్తిచేశాడా? తండ్రి ఏమన్నాడు? వారాలు చేసుకుని చదువుకుంటున్నవాడైతే, మంగళవారం అన్నం పెట్టే ఇంటివారు బుధవారం తలుపు తీశారా?

చరిత్ర పుస్తకం ఈ ప్రశ్నలు వేయదు. వేయడం దాని పని కూడా కాదు. అది నాయకుణ్ణి, సంఘటనను, తేదీని పట్టుకుంటుంది. కుర్రవాళ్ళ పేర్లు పట్టుకునేది పూర్వ విద్యార్థుల పత్రిక ఒక్కటే. 1907 బ్యాచికి ఒక కార్యదర్శి ఉండి, ఏడాదికి ఒకసారి నాలుగు పుటలలో ఎవరెక్కడున్నారో వేసి ఉంటే, ఇవాళ మనకు ఆ ఉద్యమపు మరొక సగం తెలిసేది. ఒక్కడి త్యాగం వెనుక వందమంది నష్టం ఉంది. ఆ నష్టానికి ఇప్పుడు పేరు లేదు.

అందుకే, ఫలానావారి అమ్మాయికి వివాహమైంది, ఫలానావారు పదవీ విరమణ చేశారు, ఫలానావారు కాలం చేశారు అనే పంక్తులను ఎవరైనా అల్పవార్తలని తీసిపారేస్తే నేను ఒప్పుకోను. ఆ పంక్తులే అసలు చరిత్ర. సంపాదకీయాలు ఎవరైనా వ్రాస్తారు.

*

హరిసర్వోత్తమరావు జీవితంలోనే ఈ కథకు రెండవ భాగం ఉంది.

గోదావరి మండలంలోని కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య ఇరవైనాలుగేళ్ళు నిండకముందే ఒక పెద్ద పనికి పూనుకున్నారు. ఊరూరా పుట్టుకొస్తున్న చిన్న చిన్న గ్రంథాలయాలను ఒక సంఘంగా కూర్చడం. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు అయ్యంకివారు ఆ సంఘానికి గ్రంథాలయ సర్వస్వము అనే పత్రిక పెట్టారు.

శాఖలున్న సంఘానికి పత్రిక ఎలా ఉండాలో చూపించడానికి ఇది చక్కని ఉదాహరణ. ఒక పల్లెలో పది పుస్తకాలు, ఒక బల్ల, ఒక లాంతరు పెట్టుకుని గ్రంథాలయం అని బోర్డు కట్టినవాడికి ఏమి కావాలి? డబ్బు కావాలి, పుస్తకాలు కావాలి. వాటన్నిటికంటె ముందు, పక్క తాలూకాలో ఇంకొకడు ఇదే పని చేస్తున్నాడని తెలియాలి. వాడు చందాలు ఎలా వసూలు చేశాడో, పుస్తకం తీసుకుని తిరిగి ఇవ్వనివారిని ఎలా దారికి తెచ్చుకున్నాడో తెలియాలి. గ్రంథాలయ వార్తలు అచ్చులో చూసుకోవడమే ఒక ప్రోత్సాహం. మన ఊరి పేరు పత్రికలో పడింది అన్న మాటకు ఉన్న శక్తిని పట్నవాసులు తక్కువ అంచనా వేస్తారు.

ఆ పత్రిక సాఫీగా నడిచిందని కాదు. ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. అయ్యంకివారి తరువాత పాతూరి నాగభూషణంగారు దానిని భుజాన వేసుకున్నారు. చేతులు మారింది కాబట్టే బ్రతికింది. రాజమహేంద్రవరంలో బహిష్కృతుడైన ఆ విద్యార్థి, హరిసర్వోత్తమరావు, పెద్దవాడై ఈ గ్రంథాలయ సంఘానికే అధ్యక్షుడయ్యారు. విజయవాడలో ఆ సంఘపు భవనం ఆయన పేరనే సర్వోత్తమ భవనం. ఒక విద్యాసంస్థ వెళ్ళగొట్టినవానిని ఇంకొక సోదర బృందం అక్కున చేర్చుకున్నది.

దీనికి ఎదురుగా ఇంకొక పత్రికను పెట్టి చూడాలి. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గ్రాంథికవాదిగా ఉండిన వీరేశలింగం తన చివరి రోజులలో దానికి అధ్యక్షత వహించారు. మే 27న కన్నుమూశారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ వాదం కోసం తెలుగు అనే మాసపత్రిక నడిపారు. అందులోని విషయం వజ్రం. ఇవాళ మనం వ్రాస్తున్న వచనమంతా ఆ వాదం గెలిచినందువల్లనే. ఆ పత్రిక మాత్రం ఎక్కువ కాలం నడవలేదు. వ్రాసేవాడు, దిద్దేవాడు, పోరాడేవాడు అన్నీ ఒకరే అయినప్పుడు, ఆ ఒకరు ఎంతటి మహానుభావులైనా, పత్రిక వారి ఊపిరి ఉన్నంతసేపే. గిడుగువారి వాదానికి పత్రిక పోయినా నష్టం లేకపోయింది, వాదం ఇతరుల కలాలలోకి వెళ్ళిపోయింది. పూర్వ విద్యార్థుల సంఘానికి ఆ వెసులుబాటు లేదు. దాని పత్రిక ఆగితే అది పట్టి ఉంచిన పేర్లు ఇంకెక్కడికీ వెళ్ళవు.

*

ఈ పాఠాలను మా చిన్న పత్రికకు ఎలా అన్వయించుకున్నామో చెబుతాను. ఇటువంటి పని తలపెట్టినవారికి ఉపయోగపడవచ్చు.

మొట్టమొదటిది చిరునామాల పట్టిక. వ్యాసాల కంటె ముందు దీని మీద కూర్చోవాలి. మేము బ్యాచికి ఒకరిని అడిగాము, తమ తరగతివారి చిరునామాలు ఏడాదికి ఒకసారి సరిచూసి ఇమ్మని. అమెరికావారి బ్యాచి కార్యదర్శి పద్ధతే ఇది. సంపాదకుడు ఒక్కడే అందరినీ వెతుక్కుంటూ పోతే రెండు సంచికలకే అలసిపోతాడు. తిరిగివచ్చిన ప్రతి కవరునూ ఒక ప్రశ్నగా భావించాలి. ఈయన ఇల్లు మారాడా, ఊరు మారాడా, లేక మరి లేడా? తిరిగివచ్చిన కవర్ల వల్లనే మాకు ముగ్గురి మరణవార్తలు తెలిశాయి.

రెండవది తేదీ. మాది ఏడాదికి రెండు సంచికలు: సంక్రాంతికి ఒకటి, దసరాకు ఒకటి. ఎక్కువ చేయగలమని ఉత్సాహవంతులు అన్నారు. మాసపత్రికగా మొదలై మూడవ నెలలో ఆగిపోయేదానికంటె, ఏడాదికి రెండే అయినా పండుగ తప్పనట్టు తప్పకుండా వచ్చేది మేలు. సంక్రాంతికి అల్లుడు వచ్చినట్టు రావాలి. రాకపోతే ఏమైందని అడగాలి.

మూడవది పుటల పంపకం. మా దగ్గరికి ఇతర సంఘాల పత్రికలు కొన్ని వస్తుంటాయి. ఒకదానిలో మొదటి పుట నిండా ముఖ్య అతిథి ఫోటో, రెండవ పుట ఆయన సందేశం, మూడవ పుట సంఘాధ్యక్షుని సందేశం, నాలుగవ పుట దాతల పేర్లు. అందులో చదువుకున్నవాడు ఒక్కడు కూడా కనబడడు. మా పత్రికలో ముందు ఉత్తరాలు వేస్తాము, ఆ వెనుక బ్యాచి కబుర్లు, ఆ వెనుక ఒకే ఒక్క పెద్ద వ్యాసం. అధ్యక్షులవారికి ఏమైనా చెప్పవలసి ఉంటే ఆయనా ఉత్తరమే వ్రాస్తారు, అందరి ఉత్తరాల మధ్య అదీ పడుతుంది. మొదట ఆయనకు కాస్త కష్టంగా అనిపించింది. తరువాత ఆయన ఉత్తరానికే ఎక్కువ జవాబులు వచ్చాయి.

ఒకసారి మా వసతిగృహంలో ముప్ఫైఏళ్ళు వంట చేసిన ఆయన పోయారని రెండు పేరాల వార్త వేశాము. పుట అడుగున, చిన్న అక్షరాలలో. అంతకుముందు ఏ సంచికకూ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి. ఒకరు ఆయన చేసిన గోంగూర పప్పు గురించి, ఒకరు జ్వరం వచ్చినప్పుడు అర్ధరాత్రి కాచి ఇచ్చిన జావ గురించి. పరీక్ష ఫీజుకు ఆయన అప్పు ఇచ్చారని, తాను తీర్చకముందే ఊరు దాటిపోయానని ఒక పెద్దమనిషి వ్రాశారు. ఆ బాకీ ఆయన కూతురికి చేర్చమని సొమ్ము పంపారు. ఇంకో నలుగురు కూడా పంపారు. మేము విరాళం అడగలేదు. వార్త మాత్రమే వేశాము.

నాలుగవది లెక్కలు. ప్రతి సంచికలో ఒక మూల, ఎంత వచ్చింది, కాగితానికి ఎంత, అచ్చుకు ఎంత, తపాలాకు ఎంత అని వేస్తాము. సంఘాలు విడిపోయేది అభిప్రాయ భేదాల వల్ల అంటారు గాని, నేను చూసినంతలో లెక్కలు చెప్పకపోవడం వల్లనే ఎక్కువ. అడగకముందే చెప్పిన లెక్కను ఎవరూ అనుమానించరు.

ఐదవది, అడిగితే ఒక్కటే అడగాలి. ఒకే సంచికలో భవన నిధి, ఉపకార వేతనాల నిధి, సమావేశపు రుసుము, చందా బకాయి అన్నీ అడిగితే చదివేవాడు ఏదీ ఇవ్వడు. గోదావరి వాసులకు విదేశాలలో పెద్ద పూర్వ విద్యార్థుల సంఘాలు ఉన్నాయి. 1958లో మొదలైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులకూ అక్కడ సంఘముంది. అంతంత సంఘాలతో మాకు పోటీ లేదు. మాకున్నది రెండు గదుల పాటి జ్ఞాపకం. అయినా ధర్మం ఒకటే. ముందు వరుస కలపాలి, ఆ తరువాతనే చేయి చాచాలి.

ఆరవది, ఇద్దరు సంపాదకులు. ఒకరు పెద్దవారు, ఒకరు వారికంటె కనీసం పదిహేనేళ్ళు చిన్నవారు. పాతవారి పేర్లు పెద్దవారికి తెలుసు, కొత్తవారి పేర్లు చిన్నవారికి తెలుసు. పెద్దవారు తప్పుకున్న రోజున చిన్నవారు పెద్దవారవుతారు, ఇంకొక చిన్నవారిని వెతకాలి. గ్రంథాలయ సర్వస్వము చేతులు మారి బ్రతికిన రహస్యం ఇదేనని నా ఊహ.

*

వాట్సాప్ గుంపులు ఉండగా ఈ కాగితం పిచ్చి ఎందుకని మా చిన్న సంపాదకుడే ఒకసారి అడిగాడు. గుంపు మంచిదే. ఎవరికో రక్తం కావాలంటే పత్రిక పనికిరాదు, గుంపే కావాలి. అయితే గుంపులో మాట వరద నీరు. పొద్దున వచ్చింది సాయంత్రానికి సముద్రంలో కలుస్తుంది. శుభోదయాల కింద మరణవార్త, దాని కింద హాస్యోక్తి, దాని కింద మళ్ళీ శుభోదయం. వరద వెళ్ళిన తరువాత పొలంలో మిగిలే ఒండ్రు మట్టి కావాలి మనకు. ఏడాది పొడవునా గుంపులో కొట్టుకుపోయినవాటిలోంచి నిలవవలసినవి ఏరి ఒకచోట పెట్టడమే లేఖాపత్రిక పని. గుంపునుంచే మాకు సగం కబుర్లు వస్తాయి.

ఒండ్రు అన్నాను గనుక మరొక మాట. మన డెల్టాలో కాగితం నిలవడం కష్టం. తేమ, చెదలు, తుఫానులు. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగి ఇళ్ళలోకి నీరు వచ్చినప్పుడు మనుషులను, పశువులను కాపాడుకోవడమే గగనమైంది. అటక మీది పెట్టెలలోని ఉత్తరాల గురించి ఎవరు ఆలోచిస్తారు? ఇటువంటి నేల మీద ఒకే ప్రతి ఉన్నది ఏదైనా పోయినట్టే లెక్క. మూడువందల ఇళ్ళకు వెళ్ళిన నాలుగు పుటల కాగితం మాత్రం ఎక్కడో ఒకచోట మిగులుతుంది. ఒక ఇంట్లో తడిసినది ఇంకొక ఇంట్లో పొడిగా ఉంటుంది. పదిమందికి పంచడమే భద్రపరచడం. మా ప్రతి సంచికనూ రెండు గ్రంథాలయాలకు కూడా పంపుతున్నాము. గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల ఎవరో ఒకనాడు శ్రద్ధగా చేర్చినందువల్లనే కదా మనం ఇవాళ పాత పత్రికలు తిరగేయగలుగుతున్నది.

చదువుతున్న మిత్రులకు ఒక విన్నపం. మీ తాతగారో, మేనమామగారో, రాజమహేంద్రవరంలో గాని కాకినాడలో గాని నరసాపురంలో గాని భీమవరంలో గాని చదివి ఉండవచ్చు. వారి పెట్టెలో వార్షిక సంచికో, వీడ్కోలు సభ ఫోటోనో, ఫోటో వెనుక పెన్సిలుతో వ్రాసిన పేర్లో ఉండవచ్చు. ఆ పేర్లను ముందు ఒక కాగితం మీద ఎత్తి వ్రాయండి. కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలుచున్నవారు ఎడమ నుంచి కుడికి. తెలియనిచోట ఖాళీ వదలండి. ఇంట్లో పెద్దవారు ఉంటే ఈ ఆదివారమే వారి పక్కన కూర్చుని ఆ ఖాళీలు అడగండి. ఆ కాగితానికి పది నకళ్ళు తీసి, ఫోటోలో ఉన్నవారి ఇళ్ళకు పంపండి. ఒకరైనా జవాబు వ్రాస్తారు. దానితో మీ మొదటి సంచిక మొదలైనట్టే.